మా ఇంటి కప్పు

కొండ తగలబడిన ఆ ఏడు, సాయం అడగడానికని మా నాన్న చాలా గుమ్మాలు ఎక్కాడు. ఎక్కిన గుమ్మమల్లా అడగకుండానే దిగాడు.

మొదటి గుమ్మం దగ్గర నేనూ పక్కనే ఉన్నాను. కింద బస్తీలో మునిసిపల్ ఆఫీసు, నేను పనిచేసే మందుల షాపు వీధిలోనే ఉంటుంది. వరండా నిండా జనం. అందరి ఒంటి మీదా ఒకటే వాసన, తడిసిన బూడిద వాసన. ఎన్నిసార్లు ఒళ్ళు రుద్దుకున్నా పోయేది కాదది. లోపల బల్ల వెనక కూర్చున్న కుర్రాడికి నిద్రలేక కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అయినా మర్యాదగానే అడిగాడు.

"ఏ ఊరు, పెద్దాయనా?"

నాన్న ఊరి పేరు చెప్పాడు.

"మీ ఊరి పేర్లు మీ సంఘం వాళ్ళే తెచ్చి ఇస్తున్నారు కదా. మేం ఎవరికి వాళ్ళుగా రాసుకోవడం లేదు. అలా రాసుకుంటే ఒక ఇంటికి రెండుసార్లు పోతోంది, పక్కింటికి అసలు అందడం లేదు. మీరు ఇంత దూరం రావక్కర్లేదు, మీ సంఘం పెద్ద చెవిన వేస్తే చాలు."

"మంచిది," అన్నాడు నాన్న. "ఆయన్ని కలుస్తాను."

కలవడని నాకు తెలుసు. అల్జీర్స్‌కి తూర్పునున్న మా కబీలీ కొండల్లో ప్రతి ఊరికీ ఒక సంఘం ఉంటుంది, తజ్మాత్ అంటాం. ఊట నీళ్ళు ఎవరికి ఎప్పుడు, శ్మశానం దారి ఎవరు బాగుచెయ్యాలి, పెళ్ళిలో ఎంతవరకు ఖర్చు పెట్టాలి, అన్నీ మగవాళ్ళు శుక్రవారం కూర్చుని తేలుస్తారు. రెండేళ్ళ కిందట శ్మశానం దారి వెడల్పు చెయ్యాలని తేల్చారు. మా అంజూరు తోట అంచు నుంచి కొంత ఇమ్మన్నారు. నాన్న ఇవ్వనన్నాడు. ఇవ్వకపోతే ఊరితో కలవనట్టే అన్నారు. కలవనులే అన్నాడు. అప్పట్నుంచీ చావుకి తప్ప ఇంక దేనికీ వాళ్ళు మా గడప తొక్కలేదు, మేం వాళ్ళ గడప తొక్కలేదు. సంఘం పెద్ద అక్లి నాన్నకి పెదనాన్న కొడుకు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మేకల మంద కాసినవాళ్ళు.

ఆఫీసు మెట్లు దిగాక అడిగాను, "ఎప్పుడు కలుస్తావు నాన్నా?"

"ఆ కుర్రాడి మాట తీసెయ్యకూడదని అన్నాను," అన్నాడు.

తర్వాత తిజీ ఉజూ పట్నంలో ఒక దానధర్మాల సంస్థకి వెళ్ళాడు. ఆ తర్వాత మసీదులో సామాను పంచుతున్నారంటే అక్కడికి. ఎక్కడికి వెళ్ళినా అదే ప్రశ్న, మీ ఊరి సంఘం ఏమంది అని. ఎవరిదీ తప్పు కాదు. కొండ కొండంతా కాలిపోయి ఉంటే ఎవరు నిజంగా పోగొట్టుకున్నారో పైవాళ్ళకి తెలిసే దారి అదొక్కటే. సాయంత్రం వచ్చి మంచం పట్టె మీద కూర్చుని బూట్లు విప్పేవాడు.

"ఏమయ్యా, ఏమన్నారు?" అని అమ్మ అడిగేది.

"వాళ్ళకి చాలా పనిగా ఉంది."

"నువ్వేమన్నావు?"

"సెలవు తీసుకుంటానన్నాను."

మంచం అన్నానుగానీ అది మా మంచం కాదు. మేం అప్పుడు మా మావయ్య వలీ ఇంట్లో ఉన్నాం, పక్క కొండ మీది ఊళ్ళో. కొడుకు పెళ్ళి కోసమని మావయ్య మేడ లేపుతున్నాడు. గోడలు లేచాయి, కిటికీలకి చెక్కలు రాలేదు. ఆ సందుల్లో సంచులు కట్టి మమ్మల్ని ఉంచాడు. నాన్న, అమ్మ, నేను, నాన్నమ్మ. నాన్నమ్మకి చెవులు వినపడవు, ఇల్లు కాలిందని చెప్పినా ఆమెకి సరిగా ఎక్కలేదు. పొద్దున లేవగానే "మన ఇంటికెప్పుడు పోదాం, ఫెరూజా?" అని నన్నే అడిగేది.

మావయ్య నోరు ఊరుకోదు. "మా వాడికి పిల్ల దొరకలేదుగానీ వాడి మేడకి కాపురాలు దొరికాయి," అని అందరితో చెప్పుకునేవాడు. నాన్న నవ్వేవాడు కాదు. అమ్మ నవ్వేది, నవ్వి వెంటనే మావయ్య ఇల్లాలికి వంటింట్లో సాయానికి లేచేది. ఎవరింట్లోనైనా ఎక్కువ రోజులుంటే ఆడమనిషికి కూర్చునే చోటు ఉండదు.

ఒకసారి మావయ్యే ఉండబట్టలేక అన్నాడు. "బావా, అక్లి దగ్గరికి నేను పోయి మాట్లాడనా?"

నాన్న తింటున్న రొట్టె పళ్ళెంలో పెట్టాడు. "వలీ, మంట ఊరి మొదట్లో ఆగింది. ఆపింది వాళ్ళే. ఆపడం చేతనైన వాళ్ళు నా ఇంటి దగ్గర ఎందుకు ఆపలేదు?"

నాన్న ఆ మాట ఆ ఒక్కసారే అన్నాడు. కానీ అది విన్నాక ఆయన ఎక్కి దిగిన గుమ్మాలన్నీ నాకు వేరేగా కనిపించాయి.

మా ఇల్లు ఊరికి ఇవతల, ఆలివ్ తోటలో ఒంటరిగా ఉంటుంది. ఆగస్టు ఎండల్లో మంట వచ్చిన మధ్యాహ్నం నాన్న నాన్నమ్మని వీపున వేసుకుని లోయలోకి దిగాడు. అమ్మా నేనూ చేతికందిన మూట పట్టుకుని వెనకే. వెనక్కి తిరిగి చూసేసరికి పొగ తప్ప ఏమీ లేదు. దొడ్లో మేకలు ఉన్నాయి, తేనెపెట్టెలు ఉన్నాయి. మళ్ళీ వెళ్ళి చూసినప్పుడు రాతి గోడలు నిలబడి ఉన్నాయి, పైకప్పు లోపలికి కూలి ఉంది. దొడ్డి నేలమట్టమైపోయింది. నాన్న అందులోకి చూడలేదు. మేకల పేర్లు ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

సెప్టెంబరు మొదట్లో బూడిదలోంచి ఏమైనా పనికొచ్చే సామాను ఏరదామని నాన్నా నేనూ మా తోటకి పోతున్నాం. మలుపు దగ్గర ఒక పెద్ద లారీ అడ్డంగా ఇరుక్కుని ఉంది. ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. దాని నిండా పరుపులు, దుప్పట్లు, ఖర్జూరాల పెట్టెలు. పక్కన ఇద్దరు మనుషులు తలపాగాలతో నిలబడి ఉన్నారు. ఎడారి దేశం వాళ్ళని చూడగానే తెలుస్తుంది. ఎక్కడో ఊద్ నుంచి రెండు రోజులు నడుపుకుంటూ వచ్చారట. మా మాట వాళ్ళకి రాదు. నాన్నకి అరబ్బీ పటాలంలో ఉన్నప్పుడు వచ్చింది.

"కాలిపోయిన ఊరు ఇదేనా, పెద్దాయనా?" అని వాళ్ళలో పెద్దవాడు అడిగాడు. పేరు సాదోక్ అని చెప్పాడు.

"పైన ఉంది. దారి చూపిస్తా," అన్నాడు నాన్న.

లారీని తిప్పడానికి చాలాసేపు పట్టింది. నాన్న మసిపట్టిన రాళ్ళు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. లోయ వైపు నిలబడి చెయ్యి ఊపుతూ, "రానీ, రానీ, ఇంకా రానీ," అంటూ జానెడు జానెడుగా వెనక్కి రప్పించాడు. ఆ చెయ్యి ఊపులో మళ్ళీ ఆ పాత మనిషి కనిపించాడు నాకు. లారీ సరిగ్గా నిలబడ్డాక పై దారి చూపించాడు. రెండో మలుపు దగ్గర ఊట వస్తుంది, అక్కడ బండి ఆపుకోండి, బడి గదిలో సామాను దింపుతున్నారట, సంఘం పెద్దని అక్లి అంటారు, మంచి మనిషి, అన్నీ సరిగ్గా పంచుతాడు.

సాదోక్ నాన్న చేతులకేసి చూస్తున్నాడు. అవి మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"మీ ఇల్లు బాగానే ఉందా?" అని అడిగాడు.

"దేవుడి దయ," అన్నాడు నాన్న.

నేను నోరు తెరిచాను. నాన్న నా వైపు చూడలేదు, కానీ నేను మూసుకున్నాను.

సాదోక్ ఒక ఖర్జూరాల పెట్టె దించి నాన్న చేతుల్లో పెట్టాడు. నాన్న వెనక్కి తోశాడు. "ఇది సాయం కాదు," అన్నాడు సాదోక్. "ఇందాకట్నుంచీ నా కోసం కష్టపడ్డావు. కూలి ఇవ్వకుండా పోతే మా ఊళ్ళో నన్ను తిడతారు."

అప్పుడు తీసుకున్నాడు. లారీ పైకి పోయింది. మా ముందు నుంచే పరుపులన్నీ వెళ్ళిపోయాయి.

"మనకి పరుపుల్లేవు నాన్నా," అన్నాను.

"తెలుసు," అన్నాడు. ఆ పెట్టె భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఆ సాయంత్రం అమ్మకి ఖర్జూరాలు ఎక్కడివో చెప్పాను. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "తియ్యగానే ఉంది," అంది. "పరుపైతే ఇంకా బాగుండేది."

ఆ తర్వాతి వారంలో షాపుకి ఫోన్ వచ్చింది నాకు. అక్లి పెదనాన్న భార్య షాభా పెద్దమ్మ.

"ఫెరూజా, కోపాలూ తాపాలూ తర్వాత చూసుకుందాం. ఇక్కడ బడి గదిలో మందుల పెట్టెలు గుట్టలు పడి ఉన్నాయి. అల్జీర్స్ నుంచి వచ్చినవి, ఫ్రాన్స్ నుంచి మన పిల్లలు పంపినవి. ఏది దేనికో మాకెవరికీ తెలీదు. మొన్న ఒకావిడ కళ్ళలో వేసుకునే చుక్కలు చెవిలో పోసుకుంది. నువ్వొచ్చి విడదీసి పెట్టు."

"నాన్నకి చెప్పి వస్తాను, పెద్దమ్మా."

"చెప్పకుండా రమ్మని నేనన్నానా?"

నాన్నకి చెప్పాను. "మందుల పనైతే వెళ్ళు," అన్నాడు. అంతే.

రెండేళ్ళ తర్వాత ఊళ్ళో అడుగు పెట్టాను. బడి గదిలో ఒకవైపు దుప్పట్లు, ఒకవైపు బూట్లు, చంటిపిల్లల పాలడబ్బాలు. గది అంతా ఆడవాళ్ళదే రాజ్యం. మగవాళ్ళు గుమ్మం బయట నిలబడి ఏం కావాలో అడిగి పుచ్చుకుంటున్నారు. సంఘంలో ఎన్నడూ నోరెత్తనివ్వని వాళ్ళు, సామాను వచ్చేసరికి తాళంచెవి వీళ్ళ చేతికి ఇచ్చేశారు. నేను కింద కూర్చుని పెట్టెలు విప్పాను. కాలిన గాయాలకి ఒకవైపు, ఉబ్బసానికి ఒకవైపు, గడువు దాటినవి మూలకి. ఎవరూ నన్ను మా నాన్న గురించి అడగలేదు. ఒకావిడ మాత్రం వెళ్తూ వెళ్తూ నా భుజం నొక్కి వెళ్ళింది.

మధ్యాహ్నం షాభా పెద్దమ్మ తన కొంగుకి చేతులు తుడుచుకుని, "లే, ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిను," అంది.

వాళ్ళ పెరట్లోకి అడుగుపెట్టగానే మూడు మేకలు తలలెత్తి చూశాయి. ఒకటి నన్ను చూసి తాడు తెంచుకునేంత పని చేసింది. దాని ఎడమ చెవి చీలి ఉంది, చిన్నప్పుడు కంచెలో ఇరుక్కుని చీలింది. వీపు మీద బొచ్చు ఒక చారలా కాలి, అప్పుడే కొత్తది మొలుస్తోంది.

నేను దాని మెడ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"మీవే," అంది పెద్దమ్మ. "మా చిక్కుడు పాదు మొత్తం తినేశాయి. తీసుకెళ్ళేవాళ్ళు ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను."

"ఎలా వచ్చాయి ఇవి?"

"ఎలా వస్తాయి? తోలుకొస్తే వచ్చాయి. ఆ రోజు మంట మీ వైపు నుంచి వస్తోందని మగవాళ్ళందరూ ముందు మీ ఇంటికే పరిగెత్తారు. మీరప్పటికే దిగిపోయారు. దొడ్డి తలుపు తీశారు. కొన్ని అటూ ఇటూ పోయాయి, ఇవి చిక్కాయి. కొమ్మలు విరిచి మంటని కొట్టారు, నీళ్ళు మోశారు. గాలి తిరిగింది. ఇంక ఆగితే మనుషులు దక్కరని వెనక్కొచ్చారు. వెనక్కొచ్చి ఊరి మొదట్లో ఆపారు. అక్కడికి నీళ్ళ గొట్టం అందింది కాబట్టి ఆగింది. మీ ఇంటిదాకా అందలేదు."

అక్లి పెదనాన్న వచ్చాడు. పొడుగ్గా ఉండే మనిషి, కొంచెం వంగినట్టు కనిపించాడు. కుడిచేతి చర్మం గులాబి రంగులో, ముడతలు పడి మెరుస్తోంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు.

"నాన్నమ్మ బాగుందా?" అని అడిగాడు.

"బాగుంది, పెదనాన్నా."

"మీ నాన్న?"

"బాగున్నాడు."

"ఊఁ," అని అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

"మాకు ఎందుకు చెప్పలేదు, పెదనాన్నా?" నా గొంతులో నాకే తెలీని నిష్టూరం ఉంది. "మేకలు బతికున్నాయని ఒక్క మాట?"

ఆయన తన చేతికేసి చూసుకున్నాడు. "ఎవరితో చెప్పమంటావు? నా ఫోన్ మీ నాన్న ఎత్తడు. మనిషిని పంపితే ఏమనుకుంటాడో నాకు తెలుసు. మేకల్ని చూపించి దారికి చోటు అడుగుతున్నారు అనుకుంటాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనుకుంటాను."

"పోనీ నాతోనైనా."

"నీతో చెబితే ఆయనతో చెప్పినట్టు కాదా?" అన్నాడు. తర్వాత అడిగాడు, "తోలుకుపోతావా?"

"మావయ్య మేడ మీద ఉన్నాం. వీటిని మెట్లెక్కించలేను."

"అయితే ఉండనీ. చిక్కుడు పాదు ఎలాగూ అయిపోయింది."

ఆ సాయంత్రం అన్నాలప్పుడు చెప్పాను. ఎలా మొదలుపెట్టాలా అని దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను, చివరికి ఊరికే చెప్పేశాను.

"మూడు మేకలు బతికున్నాయి నాన్నా. అక్లి పెదనాన్న పెరట్లో ఉన్నాయి."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాన్న నమలడం ఆపలేదు.

"చెవి చీలింది ఉందా?"

"ఉంది."

"పాలిస్తోందా?"

"షాభా పెద్దమ్మ పిండుతోంది."

పెద్దమ్మ చెప్పిందంతా చెప్పాను. గాలి తిరగడం, గొట్టం అందకపోవడం. పెదనాన్న చెయ్యి గురించి చెప్పినప్పుడు నాన్న తల ఎత్తాడు.

"ఏ చెయ్యి?"

"కుడిది. వేళ్ళు ముడవలేకపోతున్నాడు."

నాన్న తన కుడిచెయ్యి ముడిచి, తెరిచి, చూసుకున్నాడు. పళ్ళెంలో మిగిలినది తిన్నాడు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, "రేపు శుక్రవారమా?" అని అమ్మని అడిగాడు.

"శుక్రవారమే."

"వలీ దగ్గర గొడ్డలి ఉందేమో అడుగు."

అమ్మ గొడ్డలి సంగతి మావయ్యతో చెప్పడానికి మెట్లు దిగింది. ఆవిడ అంత తొందరగా మెట్లు దిగడం నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారాలు ఊళ్ళో ఉమ్మడి పని జరుగుతోంది. కాలిన ఆలివ్ చెట్లని మొదలు దాకా కోసేస్తే వేరునుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. వదిలేస్తే చెట్టు అటూ ఇటూ కాకుండా పోతుంది. ఒక్కో శుక్రవారం ఒక్కో ఇంటి తోట. ఆ శుక్రవారం యమీనా అనే ముసలావిడ తోట వంతు. ఆవిడకి మగదిక్కు లేదు. మేం వెళ్ళేసరికి కొండవాలు నిండా మనుషులు. మోటారు రంపాలు రెండే ఉన్నాయి, మిగతావాళ్ళు గొడ్డళ్ళతో, ఇద్దరు లాగే పాత రంపాలతో పని చేస్తున్నారు. ఆడవాళ్ళు కొమ్మలు పోగులు పెడుతున్నారు. బొగ్గు దుమ్ముకి అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి.

నాన్న తోట అంచున నిలబడ్డాడు, భుజాన గొడ్డలితో. నేను షాభా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి కొమ్మలు ఎత్తడం మొదలుపెట్టాను. ఎత్తుతున్నానుగానీ కళ్ళు అక్కడే ఉన్నాయి. ఒకరిద్దరు నాన్నని చూశారు. చూసి మళ్ళీ తమ పనిలో పడ్డారు. వాళ్ళకీ తెలీదు ఏమనాలో.

కొంచెం పైన అక్లి పెదనాన్న ఒక పెద్ద మొద్దు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎడమచేత్తో రంపం పట్టుకుని లాగుతున్నాడు. అవతలి కొస పట్టుకున్నది యమీనా మేనల్లుడు. ఎడమచేతి వాటం లేని మనిషి లాగుతుంటే రంపం వంకర పోతోంది, మాటిమాటికీ బిగుసుకుంటోంది.

నాన్న గొడ్డలి ఒక రాయికి ఆనించాడు. పైకి ఎక్కాడు. ఆ మేనల్లుడి పక్కన నిలబడ్డాడు. అతను నాన్నని చూసి, పెదనాన్నని చూసి, రంపం పిడి వదిలి లేచాడు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని పిడి పట్టుకున్నాడు.

ఇద్దరూ తల ఎత్తలేదు. కొంతసేపటికి రంపం తిన్నగా నడిచింది. నల్లటి బెరడు దాటాక లోపల్నించి పసుప్పచ్చని పొట్టు రాలడం మొదలైంది. పచ్చి ఆలివ్ కర్ర వాసన వచ్చింది. షాభా పెద్దమ్మ నా పక్కన నిలబడి అదే చూస్తోంది. "కొమ్మలు వాటంతటవే నడిచిపోవు," అని నన్ను కసిరి తనూ వంగింది.

సాయంత్రం దాకా వాళ్ళిద్దరూ చెట్టు తర్వాత చెట్టు కోశారు. ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. పని ముగిశాక పెదనాన్న ఎటో వెళ్ళి మూడు మేకల్నీ తాడు పట్టి తోలుకొచ్చి, నాన్న గొడ్డలి ఆనించిన రాయికే కట్టేసి వెళ్ళిపోయాడు. మావయ్య మెట్ల కిందే వాటికి చోటు చూశాడు. "మేడ మీద కాపురం, మెట్ల కింద మంద. ఇంక మా వాడికి పెళ్ళి అయినట్టే," అన్నాడు.

తర్వాతి శుక్రవారం కూడా నాన్న వెళ్ళాడు. ఆ తర్వాతిది కూడా. అక్టోబరులో మా తోట వంతు వచ్చింది. ఎవరూ ప్రకటించలేదు, అందరూ వచ్చేశారంతే. ఆ రోజే షాభా పెద్దమ్మ మా కూలిన ఇంటి ముందు నిలబడి నాన్నని అడిగింది.

"మెజియాన్, ఏం కావాలో చెప్పు. వానలు పడకముందు కప్పులన్నీ వెయ్యాలి."

నాన్న గోడకేసి చూస్తూ, "అందరివీ అయ్యాక చూద్దాం," అన్నాడు. "మాకంటే నష్టపోయినవాళ్ళు ఉన్నారు."

అమ్మ అప్పటిదాకా వెనక నిలబడి ఉంది. ముందుకొచ్చింది.

"కప్పు," అంది. "నాలుగు పరుపులు. అత్తగారికి మందపాటిది. ఒక తలుపు. కుస్కుస్ రవ్వ ఆవిరి పట్టే కుండ, మాది పగిలిపోయింది. దుప్పట్లు ఎన్నిస్తే అన్ని."

నాన్న ఆమెకేసి చూశాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు అందరి దగ్గరా సెలవు తీసుకున్నావు," అంది అమ్మ. "నాకే సెలవు దొరకలేదు."

షాభా పెద్దమ్మ నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకుంది. నాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "తలుపుకి కొలత నేనిస్తాను," అన్నాడు చివరికి.

పరుపులు ఆ సాయంత్రమే వచ్చాయి. సిమెంటు, ఇనుము రావడానికి నవంబరు దాకా పట్టింది. కొంత సర్కారు ఇచ్చింది, కొంత బయట దేశాల్లో ఉన్న మా ఊరి వాళ్ళు పంపారు. స్లాబ్ వేసే రోజు పొద్దున్నే ఊరు ఊరంతా మా తోటలో ఉంది. పడమటి కొండ మీద మబ్బు కమ్ముతోంది, మధ్యాహ్నంలోపు పని కావాలి. చెక్కలు కొట్టి, చువ్వలు కట్టి సిద్ధం చేసి ఉంచారు. నిచ్చెన మీద మెట్టుకొకడు నిలబడి సిమెంటు మాలు తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి పంపుతున్నారు. నాన్న కింద మాలు కలుపుతున్నాడు. పెదనాన్న ఆ చేత్తో తట్ట ఎత్తలేడు కాబట్టి, ఈసారి అతుకులు వేసి మా ఇంటిదాకా లాగిన నీళ్ళ గొట్టం పట్టుకున్నాడు.

అమ్మా నేనూ, ఇంకొందరు ఆడవాళ్ళూ అంజూరు చెట్ల మొదళ్ళ దగ్గర పొయ్యిలు పెట్టి కుస్కుస్ వండుతున్నాం. కొత్త కుండ ఆవిరి చిమ్ముతోంది. నాన్నమ్మని ఒక కుర్చీలో దుప్పటి కప్పి కూర్చోబెట్టాం. ఇంత మంది ఎందుకొచ్చారని ఆమె అడిగితే, "ఇల్లు కడుతున్నారు," అని చెవిలో అరిచాను. "పెళ్ళి ఎవరిది?" అంది.

నాన్నా పెదనాన్నా ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఇన్ని శుక్రవారాలు కలిసి పనిచేశారు, ఇంకా మాట మాత్రం కలవలేదు. కావాల్సింది ఎవరో ఒకరి చేత చెప్పించుకునేవారు. "నీళ్ళు వదలమను," "చాలని చెప్పు," ఇలా. మధ్యలో యమీనా మేనల్లుడు ఇటు మాట అటు మోసి విసిగిపోయాడు. వాడు తట్ట ఎత్తుకుని పైకి పోయిన సమయంలో పెదనాన్న గొట్టం మడిచి పట్టుకుని మాలుకేసి చూశాడు.

"నీళ్ళెక్కువైనాయి," అన్నాడు.

నాన్న పార ఆగింది. నిచ్చెన మీద తట్టలు ఆగాయి. నా చేతిలో గరిటె ఆగింది.

"ఎక్కువ కాలేదు," అన్నాడు నాన్న. "పొడిగా ఉంది."

"పొడిగానా? చారులా పారుతోంది. రేపు పగుళ్ళిచ్చిందంటే ఎవరిది పూచీ?"

"నా ఇల్లు. పగిలితే నా నెత్తినే పడుతుంది."

"నీ నెత్తికేం, గట్టిదే. స్లాబ్ సంగతే నేను చూస్తున్నది."

పైనుంచి ఎవరో పకపకా నవ్వారు. నాన్న తల పైకెత్తి, "మీరేంటి నిలబడ్డారు? మబ్బు మీకోసం ఆగుతుందా?" అని వాళ్ళని కసిరాడు. మళ్ళీ పెదనాన్న వైపు తిరిగి, "ఇసక కొంచెం వేస్తే సరిపోతుంది, నీకు చూపు మందగించింది," అన్నాడు.

"ఇసకేస్తే సిమెంటెవరెయ్యాలి, మీ తాతా?"

"మా తాత నీకూ తాతే."

తట్టలు మళ్ళీ కదిలాయి. వాళ్ళిద్దరూ మాత్రం ఆపలేదు. ఇసక మీద, సిమెంటు మీద, ఎప్పుడో చిన్నప్పుడు తప్పిపోయిన ఒక మేక మీద కూడా వాదన పడింది. ఆ మాలు సంగతి ఇప్పటికీ తేలలేదు. శ్మశానం దారి సంగతీ తేలలేదు, ఆ మాట వస్తే ఇప్పటికీ ఇద్దరూ గొంతు పెంచుతారు.

మావయ్య వలీ తట్ట దించి మా పొయ్యి దగ్గరికి వచ్చాడు. అమ్మ అతనికేసి చూడలేదు. ఆమె చెవి అటే ఉంది, మాలు దగ్గరికి. కాసేపు అలాగే వింది. తర్వాత, ఆ వేసవి తర్వాత మొదటిసారి నేను చూడటం, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఫెరూజా," అంది, "ఇంకో రెండు శేర్ల రవ్వ తడుపు. వీళ్ళు చీకటి పడేదాకా కదలరు."